వద్దనే రోజులు

మొదటి షిఫ్టు విడిచిన సైరన్ మోగి చాలాసేపయింది, రఘుపతి ఇంకా రాలేదు. ఓపీ అయిపోయింది, చీటీలిచ్చే కిటికీ మూసేశారు, నర్సు మల్లక్క కడిగిన కత్తెరలు గుడ్డతో తుడిచి ట్రేలో పెడుతూ నడుమ నడుమ తలుపు వైపు చూస్తోంది, డాక్టర్ కెరోలిన్ మాత్రం కుర్చీలోంచి లేవలేదు. బయట వరండాలో బల్ల మీద రఘుపతి భార్య అనసూర్య ఒక్కతే కూర్చుని ఉంది. తలుపు సగమే తెరిచి ఉండడంతో ఆమె మోకాళ్లూ, మోకాళ్ల మీద పెట్టుకున్న చేతులూ మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ చేతులు చీర కొంగు చివరను చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం. నీ ఒక్కదానికి చెప్తే సరిపోదు, నీ మొగుణ్ణి తోలుకొని రా, ఇద్దరికీ కలిపి చెప్తానని పోయిన వారం కెరోలినే అన్నది. వస్తనన్నడు మేడం, షిఫ్టు దిగంగనే వస్తనన్నడు, అని అనసూర్య వచ్చీరాగానే చెప్పింది. ఆ చెప్పడంలో ఉన్న ధీమా ఇప్పుడు ఆ చేతుల్లో లేదు.

రారు. ఇన్నేళ్లలో ఆమె రమ్మన్న మగవాళ్లలో వచ్చినవాళ్లు ఎందరని. కాన్పు అయితే వస్తారు, సంచీ పట్టుకుని గేటు దగ్గర నిలబడతారు. రక్తం కావాలంటే దోస్తులను వెంటేసుకుని పరిగెత్తుకొస్తారు. నీ భార్య ఒంటి సంగతి నువ్వూ తెలుసుకోవాలి, కాసేపు కూర్చోమంటే మాత్రం డ్యూటీ ఉందంటారు. కిటికీ జాలీకి పట్టిన బొగ్గు దుమ్ములోంచి రోడ్డు కనిపిస్తోంది, ఎండకు కరిగినట్టున్న రోడ్డు, షిఫ్టు దిగినవాళ్లు బండ్ల మీద పోతున్నారు, ఎంత కడుక్కున్నా వాళ్ల కళ్ల అంచులకు ఆ నలుపు మిగిలే ఉంటుంది. నాన్నకూ అట్లాగే ఉండేది. నాన్న అంద్రెయ బొగ్గు బాయి దిగి ఇంటికొస్తే కళ్లకు కాటుక పెట్టుకున్నట్టుండేవాడు, చిన్న కెరోలిన్ నవ్వేది, అమ్మ నవ్వేది కాదు. కొన్ని రాత్రులు అమ్మ తన చాప తెచ్చి పిల్లల మధ్యలో పరుచుకునేది. ఎందుకమ్మా అంటే ఉరుములకు బుగులైతుంది బిడ్డా అనేది, ఎండాకాలంలో కూడా. అవతలి గదిలో నాన్న దగ్గేవాడు, మళ్లీ దగ్గేవాడు, తర్వాత ఊరుకునేవాడు. డాక్టరయ్యాక గానీ తెలియలేదు ఆ చాప ఏమిటో. కడుపు నిలవకుండా అమ్మ దగ్గర ఉన్న ఏకైక ఉపాయం అది. చాప జరపడం తప్ప వద్దనే మాట అమ్మ రాములమ్మ నోటి నుంచి ఎన్నడూ వచ్చి ఉండదు, నాన్న కూడా ఏమిటని అడిగి ఉండడు, ఆ ఇద్దరి మధ్య జరిగిందంతా ఒక దగ్గులో, ఒక చాప చప్పుడులో జరిగిపోయింది. కన్నవాళ్లలో బతికింది సగమే.

అనసూర్య అట్లా కాదు, నోరు తెరిచి అడిగింది. చలికాలంలో ఆమెను ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు, సీటు నెత్తురుతో తడిసి, పాదాల నుంచి కారుతూ. నెల తప్పిందని మెడికల్ షాపులో ఎవరో ఇచ్చిన గోలీలు మింగింది, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. సోయి తప్పే ముందు ఆమె అన్న మాట, నా బిడ్డ బడి నుంచి వచ్చే యాళ్ల అయ్యింది మేడం. ఆ రోజు బతికింది. బతికాక, నెత్తురు పట్టి ముఖంలోకి రంగు వచ్చాక, ఇక ఏ గోలీ అన్నా వణుకుతోంది. గర్భం రాకుండా వాడే మాత్రలు అంతకుముందే ఆపించింది కెరోలినే. అవి మింగిన రోజుల్లో అనసూర్యకు కళ్ల ముందు మెరుపులు కనిపించి తలనొప్పి వచ్చేది, అట్లాంటివాళ్లకు ఆ మాత్రలు ప్రమాదం. బిడ్డ పుట్టాక వేసిన కాపర్-టి ఆమెకు పడలేదు, నెలనెలా మంచం పట్టేది, తీసేశారు. ఆపరేషన్ వద్దంటుంది, ఒంట్లో బలం వచ్చాక ఇంకొక బిడ్డ కావాలి. నిరోధ్ ఉంది, వాడారు, వాడని రోజు ఒకటి వచ్చింది, దాని ఫలితమే ఆ ఆటో. అన్నీ అయిపోయాక పోయిన వారం ఆమె ఈ బల్ల ముందే కూర్చుని, గొంతు తగ్గించి, మల్లక్క అవతలికి పోయేదాకా ఆగి అడిగింది, "ఏ దినాలల్ల కలుస్తే నిలుస్తదో, ఏ దినాలల్ల నిల్వదో ఆడిదాని ఒంట్లనే తెలుస్తదట గద మేడం. గది నాకు చెప్పరాదు?"

ఎవరూ అడగని ప్రశ్న. ఎవరూ నేర్పని జవాబు కూడా. మెడికల్ కాలేజీలో ఆ పాఠం ఒక చిన్న పేరా, దాన్ని చదివి లెక్చరర్ నవ్వాడు, ఈ పద్ధతి నమ్ముకున్న వాళ్లను ఏమంటారో తెలుసా, అమ్మానాన్నలు అంటారు అన్నాడు, క్లాసంతా నవ్వింది, వెనక బెంచీలో కెరోలిన్ కూడా నవ్వింది. ఆ నవ్వుతోనే డాక్టర్లయ్యారు అందరూ. నిన్న కొత్తగా వచ్చిన డ్యూటీ డాక్టర్ భావ్యను నువ్వైతే ఏం చెప్తావని అడిగితే, "ఫోన్‌లో యాప్ వేసుకోమంటే అయిపోతది గద మేడం, అదే చెప్తది" అన్నది, మంచి పిల్ల, అమాయకంగానే అన్నది. యాప్‌కు ఏం తెలుసు, పోయిన నెల లెక్కలు తెలుసు, అనసూర్య జ్వరపడిందో భయపడిందో బిడ్డకు ఒంట్లో బాగాలేక రాత్రంతా మేల్కొందో దానికేం తెలుసు. కెరోలిన్ కొత్త డాక్టర్‌గా పనిచేసిన మిషన్ దవాఖానలో ఒక ముసలి సిస్టర్ ఉండేది, కేరళ ఆమె, ఆమెకు ఈ పద్ధతి తప్ప ఇంకేదైనా పాపమే. నిరోధ్ పేరు కూడా ఎత్తేది కాదు, అడిగినవాళ్లకు కూడా చెప్పేది కాదు, ఉన్నదాన్ని దాచడం కూడా ఒక అబద్ధమే కదా సిస్టర్ అని కెరోలిన్ ఒకసారి వాదించింది. కానీ ఆ సిస్టరే, గుడ్డివాళ్లకు దారి చూపినంత ఓపికగా, పొలం పనికి పోయే ఆడవాళ్లను వరసగా కూర్చోబెట్టి చెప్పేది: నెలసరి అయ్యాక ఒళ్లు పొడిగా ఉంటుంది, తర్వాత జిగురు కనబడుతుంది, గుడ్డులో తెల్లసొనలాగా వేళ్ల మధ్య సాగుతుంది, అది నేల తడిసినట్టు, అప్పుడు విత్తనం పడితే మొలుస్తుంది. ఆ ఆడవాళ్ల ముఖాలు. తమ ఒంట్లో ఇన్నేళ్లూ జరుగుతున్నదానికి ఒక అర్థం ఉందని, అది రోగం కాదని, మురికి కాదని మొదటిసారి విన్న ముఖాలు. ఇంకే మందు రాసినప్పుడూ కెరోలిన్ ఆ ముఖాలు చూడలేదు.

కిటికీ అద్దాలు గలగలా వణికాయి. ఓపెన్ కాస్ట్ గనిలో బ్లాస్టింగ్. టేబుల్ మీద గ్లాసులో నీళ్లు వలయాలుగా కదిలి సర్దుకున్నాయి, బయట అనసూర్య చేతులు ఒక్క క్షణం ఆగి మళ్లీ కొంగు చుట్టసాగాయి. ఊరంతా రోజూ ఇట్లా ఒకసారి ఉలిక్కిపడుతుంది, ఎవరూ ఏమీ అనరు, గోడలకు సన్నని బీటలు పడతాయి, సున్నం వేస్తారు. మళ్లీ పడతాయి.

తలుపు తోసుకుని డాక్టర్ త్రివిక్రమ్ వచ్చాడు. మంథని మనిషి, నెమ్మదస్తుడు, చేతులు ఎప్పుడూ కడుక్కున్నట్టు తడిగా ఉంటాయి. చలికాలంలో అనసూర్యను బతికించింది ఆ చేతులే, రక్తం వచ్చేదాకా ఆమెను పట్టుకుని నిలబడినవి. ఆయన వరండాలో అనసూర్యను చూసే వచ్చాడు, అందుకే కూర్చోలేదు.

"మేడం, మీరు నాకంటే సీనియర్. కానీ ఇది నాకు మనసుకు వస్తలేదు."

"కూర్చోండి సార్. చెప్పండి."

"ఏడాది తిరిగేసరికి ఇట్ల రోజులు చూసుకునేవాళ్లల్ల నలుగురైదుగురిలో ఒకరికి నెల తప్పుతుంది. ఆమె ఇంకొకసారి తప్పితే ఏం చేస్తదో మీకు తెలుసు, నాకు తెలుసు. మళ్ల అదే షాపుకు పోతది. నిరోధే సరిగ్గ వాడని మనిషి, దినాలు చూసి ఆగుతడా? అతనివి మూడు షిఫ్టులు. ఒక వారం పొద్దున, ఒక వారం రాత్రి. ఆమె నిద్రకే ఒక తీరు లేదు. ఇంక పొద్దున్నే ఒంటి వేడి చూసి దినాలు గుర్తుపట్టాలన్నా, ఈ ఎండలకు థర్మామీటర్ గూట్లె పెట్టినా జ్వరం చూపిస్తది."

"థర్మామీటర్ చెప్పనులెండి. జిగురే చూసుకోమంటా."

"ఇంజెక్షన్ ఇద్దాం మేడం. మూడు నెలలకోసారి. నిమ్మళంగ ఉంటది."

"చెప్పిన. ఏడ్చింది. ఒంట్లకు ఏది ఎక్కించినా ఆ దినమే యాదికొస్తుందంటది."

ఆయన కళ్లు దించి, "ఏమనుకోవద్దు మేడం, మీ మతంల ఇదే మంచిదంటరు గద. ఆ నమ్మకం వైద్యంలోకి రావద్దని నా భయం" అన్నాడు.

ఆమెకు కోపం రావలసింది, రాలేదు, అలసట వచ్చింది. "అట్ల చెప్పేది వేరే చర్చి సార్. మా చర్చిల దీని గురించి ఎవరూ ఏమీ అనరు. పాస్టరమ్మకే నేను ఆపరేషన్ చేసిన." త్రివిక్రమ్ నొచ్చుకుని మన్నించమన్నాడు. మీరు చెప్పినవన్నీ నిజమే అని ఆమె అన్నది, నిజమే, ఆయన మాటల్లో ఒక్కటీ తప్పు లేదు, "అయినా ఆమె అడిగింది. తెలుసుకుంట అన్నది. మనకు నమ్మకం లేదని ఆమె ఒంటి సంగతి ఆమెకు చెప్పకుండ ఎట్ల ఉంటం?" ఆయన వెళ్తూ తలుపు దగ్గర ఆగి, "అతను రాకపోతే మాత్రం చెప్పకండి. ఒక్క ఆమె మీద ఆ బరువు పెట్టకండి" అన్నాడు. ఆ మాటతో ఆయన మీద ఆమెకు గౌరవం ఇంకాస్త పెరిగింది, ఒంటరితనం కూడా.

ఎందుకంటే ఆ బరువు ఎంతో ఈ దవాఖానలో తెలిసింది ఆమెకే. ఆమె దీన్ని పుస్తకంలో నేర్చుకోలేదు. పెళ్లయిన రెండేళ్లకు కడుపులో బిడ్డ ఏడో నెలలో కదలడం మానేసింది, దానికి కారణం ఎవరూ చెప్పలేకపోయారు, ఆ తర్వాత మళ్లీ నిలవలేదు. అప్పుడు ఆ కేరళ సిస్టర్ దగ్గరకే పోయింది, ఇదే విద్యను తలకిందులుగా నేర్చుకోవడానికి. మిగతా ఆడవాళ్లు ఏ రోజులను తప్పించుకోవాలో ఆమె ఆ రోజుల కోసం కాచుకుని కూర్చోవాలి. భర్త రిచర్డ్ మొదట్లో ఎంత సంబరపడేవాడు. ఒకే కాలనీలో పెరిగారు, సండే స్కూల్లో ఒకే చాప మీద కూర్చున్నారు, అతను బొగ్గు బెల్టుల దగ్గర సూపర్‌వైజర్ అయ్యాడు, ఆమె డాక్టరైంది, అందరూ వద్దన్నా పెళ్లి చేసుకున్నారు, ఇద్దరి మధ్య దాచుకునే మాట ఒక్కటి కూడా ఉండేది కాదు. ఇవ్వాళ అని ఆమె పొద్దున వంటింట్లో అంటే అతను టీ గ్లాసు పట్టుకుని నవ్వేవాడు, సాయంత్రం మల్లెపూలు తెచ్చేవాడు, సినిమాకు పోదామనేవాడు. ఒక ఏడాది అట్లా గడిచింది. రెండో ఏడాది మల్లెపూలు లేవు. మూడో ఏడాది ఇవ్వాళ అంటే తల ఊపేవాడు. ఆ తర్వాత ఆమె అనడం కూడా మానేసింది, దిండుకు ఉతికిన గలేబు తొడిగేది, అతనికి తెలిసిపోయేది, అలిసి వచ్చినా, జ్వరం తగిలినా, అతని అమ్మ చనిపోయి నెల తిరగకపోయినా. మిగతా రోజుల్లో ఇద్దరూ ఒకరినొకరు ముట్టుకోవడం ఎప్పుడు మరిచిపోయారో ఎవరికీ గుర్తులేదు. ఒక వానాకాలపు సాయంత్రం అతను మంచం అంచున కూర్చుని, చొక్కా గుండీలు విప్పుతూ విప్పుతూ ఆగి, "డ్యూటీకి వచ్చినట్టు వస్తున్న కెరోలిన్. మస్టర్ల హాజరు పడుతున్నది, గంతే" అన్నాడు. కోపంగా అనలేదు. దిగులుగా అన్నాడు. మళ్లీ గుండీలు పెట్టుకున్నాడు.

గోలేటికి బదిలీ అడిగి వేయించుకున్నాడని తర్వాత తెలిసింది. తగాదా లేదు, చర్చి పెద్దల ముందు పంచాయితీ లేదు, ఇంకొక ఆడది లేదు. మొదట్లో ప్రతి శనివారం వచ్చేవాడు, తర్వాత పండుగలకు, ఇప్పుడు క్రిస్మస్‌కు వచ్చి ఆమె తల్లికి స్వెటరో దుప్పటో ఇచ్చి, ముందు గదిలో పడుకుని, మర్నాడు పోతాడు. మంచి మనిషి. ఇంత మంచి మనిషితో తెగదెంపులు చేసుకోవడానికి కూడా కారణం దొరకదు. ఆ సిస్టర్ చెప్పిన పాఠంలో ఈ భాగం లేదు, త్రివిక్రమ్ చెప్పిన లెక్కల్లో లేదు, భావ్య ఫోన్‌లో లేదు: రోజులను పక్క మీదికి తెచ్చుకుంటే ఆ రోజులు మనుషులను జరిపేసి తామే పడుకుంటాయని. అనసూర్యకు ఏం చెప్పాలి, ఇది చెప్పాలా, డాక్టర్‌గా చెప్పాలా, ఇట్లాంటిది రోగికి చెప్పవచ్చా. చెప్పకపోతే ఆ లెక్చరర్ నవ్వుకూ తన మౌనానికీ తేడా ఏముంది. బయట చేతులు కనిపించడం లేదు. మోకాళ్లు కూడా. వెళ్లిపోయిందా.

"మేడం," అని మల్లక్క తలుపు పూర్తిగా తెరిచింది, "అతనొచ్చిండు."

రఘుపతి ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. తల తడి ఆరలేదు, మెడ మీద పౌడరు, కళ్ల చుట్టూ మాత్రం ఆ నలుపు. వెనక అనసూర్య, ఇంతసేపు ఎదురుచూసిన కోపాన్ని ముఖంలో పెట్టుకుందామని చూస్తోంది గానీ నిలవడం లేదు.

"ఆలస్యమైంది మేడం, ఏమనుకోకుండ్రి. ఇంటికి వోయి తానం జేసి వచ్చిన. గిట్లాంటి ముచ్చటకు బాయి బట్టలతోని ఎట్ల వస్త?"

"గంటసేపు రుద్దుకున్నడు కావచ్చు," అన్నది అనసూర్య. "పెండ్లి సూపులకు గూడ గింత తయారు గాలే."

కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చున్నాడు. కెరోలిన్ చెప్పడం మొదలుపెట్టింది. పొడి రోజులు, జిగురు రోజులు, అది సాగడం, సాగినన్ని రోజులూ ఆ తర్వాత ఇంకొన్ని రోజులూ ఆగడం, అనుమానం వస్తే ఆ రోజునూ వద్దనే రోజుల్లోనే కలుపుకోవడం. అతను నేల చూపులు చూస్తూనే ప్రతి మాటా విన్నాడు, మధ్యలో ఒకసారి తలెత్తి, "అంటే నీళ్లూరే టైమన్నట్టు. బాయిల గూడ గంతే మేడం, గోడ చెమట పడితే ముందుగాల మాకు తెలుస్తది" అన్నాడు. అనసూర్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. కెరోలిన్ నవ్వలేదు, ఆమె అడగవలసింది ఇంకా అడగలేదు.

"రఘుపతీ, ఒక మాట సాఫ్‌గ చెప్పు. ఆమె ఇవ్వాళ వద్దు అంటది. నువ్వు ఆగుతవా? నిజం చెప్పు, నాకు కోపం రాదు. ఆగలేను అంటే వేరే తొవ్వ చూద్దాం."

గదిలో ఫ్యాను చప్పుడు. అనసూర్య నవ్వు ఆగిపోయింది, ఆమె మొగుడి ముఖం వైపు చూడడం లేదు, గోడ మీది పటం వైపు చూస్తోంది. అతను అరచేతులు మోకాళ్లకు రుద్దుకున్నాడు.

"గీమె ఆటోల పండినప్పుడు నెత్తురు కోసం ఊరంత తిరిగిన మేడం. బాయి కాడికి వోయి దోస్తులను గుంజుకొచ్చిన. అప్పటిదాంక గీమెకు నెల తప్పిందని నాకు తెల్వది. నాకు చెప్పలే. ఎందుకు చెప్పలే అంటే నువ్వు తిడ్తవనుకున్న అన్నది." అతను ఒకసారి అనసూర్య వైపు చూసి మళ్లీ ఇటు తిరిగాడు. "వద్దంటే ఆగుడు కష్టం గాదు మేడం. చెప్పకుంట సచ్చిపోతదేమో, గదే నా బుగులు. గీ పద్ధతిల అయితే రోజు నోరు తెరిచి నాకు చెప్పాలెనట గద. గందుకే వచ్చిన."

కెరోలిన్ అప్పుడు చెప్పింది, త్రివిక్రమ్ చెప్పిన లెక్క దాచకుండా చెప్పింది, ఇది తప్పుతుంది, చాలామందికి తప్పింది. అందుకని నేర్చుకున్నన్నాళ్లు, జిగురు గుర్తుపట్టడం వేలి మొనకు అలవాటయ్యేదాకా, నిరోధ్ వదలకండి, అవసరమైతే ఆ తర్వాత కూడా. నెల తప్పితే ఏ షాపుకూ పోవద్దు, ఎవరున్నా లేకున్నా నా దగ్గరికి రావాలి, తిట్టను. వాళ్లిద్దరూ తల ఊపారు. ఇక లేవవచ్చు. ఆమె లేవమనలేదు.

"ఇంకొక మాట. ఇది పుస్తకంల ఉండదు. దినాలు చూసుకుంట చూసుకుంట మనుషులను చూసుకునుడు మరిచిపోతరు. వద్దనే దినాలల్ల కూడ పక్కపక్కన కూసోండ్రి. చెయ్యి పట్టుకోండ్రి. ఏదో ఒకటి మాట్లాడుకోండ్రి, దీని గురించి కాకుండ. ఇది ఇంట్ల డ్యూటీ లెక్క అయితుందనిపిస్తే, ఆ దినమే బంద్ చేసి నా దగ్గరికి రండ్రి. వేరేది ఏదన్న చూద్దాం. కానీ అట్ల కానియ్యకండ్రి."

రఘుపతికి అది పెద్ద సంగతిగా అనిపించినట్టు లేదు, సరే మేడం అన్నాడు. అనసూర్య మాత్రం ఆమె ముఖంలోకి నేరుగా చూసింది, రోగి డాక్టర్‌ను చూసినట్టు కాదు.

"సార్ ఏడ పని చేస్తడు మేడం?"

"గోలేటిల."

"దూరమేం గాదు గద," అన్నది అనసూర్య మెల్లగా.

వాళ్లు వెళ్లారు. వరండా చివర అతను ఏదో అన్నాడు, ఆమె అతని వీపు మీద చిన్నగా చరిచింది, బండి స్టార్టయిన చప్పుడు, తర్వాత ఆ చప్పుడు రోడ్డు మీద మిగతా చప్పుళ్లలో కలిసిపోయింది. వాళ్లకు తప్పవచ్చు. తప్పకపోవచ్చు. రేపు త్రివిక్రమ్‌కు చెప్పాలి, రఘుపతి వచ్చాడని, స్నానం చేసి వచ్చాడని. ఆయన నమ్మడు, అయినా సంతోషపడతాడు. గది చల్లబడలేదు. పొద్దుటినుంచి దగ్గరికి రానివ్వకుండా ఆపుకున్న ఆలోచన ఇప్పుడు వచ్చింది, అడ్డం పెట్టడానికి రోగులెవరూ లేరు. పొద్దున స్నానానికి పోయినప్పుడు ఆమెకు ఆ జిగురు కనిపించింది. వేళ్ల మధ్య సాగింది, తెల్లసొనలాగా, వయసులో ఉన్నప్పటిలాగే. ఎన్నో నెలలుగా నెలసరే సరిగ్గా లేదు, ఇక అయిపోయిందనుకుంది, ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి, ఆ వయసు ఆడవాళ్లకు తానే చెప్పే ధైర్యాలు తనకు తానే చెప్పుకుంది. అయిపోలేదు. ఎవరినీ అడగకుండా ఎవరూ లేని ఇంట్లోకి వచ్చిన అతిథిలాగా వచ్చి నిలబడింది. ఆమె నల్లా కింద చెయ్యి కడుక్కోకుండా కాసేపు అట్లాగే చూసింది. అమ్మ పక్క గదిలో రేడియో వింటోంది, ఆమెకు చెప్పలేదు. మల్లక్కకు చెప్తే నవ్వుతుంది. త్రివిక్రమ్‌కు అది ఒక వైద్య విషయం. ఈ భూమ్మీద దీని అర్థం తెలిసినవాడు, దీని కోసం ఒకప్పుడు టీ గ్లాసు పట్టుకుని నవ్వినవాడు ఒక్కడే.

ఫోన్ ఎత్తగానే బెల్టుల రొద. "ఏమైంది?" అన్నాడు రిచర్డ్ వెంటనే. "అత్తమ్మ మంచిగుందా?"

"మంచిగనే ఉంది."

"మరి?"

"ఏం లేదు. డ్యూటీల ఉన్నవా?"

"ఉన్న. చెప్పు."

ఆమె చెప్పింది. పొద్దున కనబడ్డది అన్నది, అంతే, ఏమిటో చెప్పలేదు. అతను అడగలేదు. రొద ఒకటే వినిపించింది, ఎవరో సార్ అని పిలుస్తున్నారు, అతను పక్కకు నడిచినట్టున్నాడు, రొద కాస్త తగ్గింది.

"అయిపోయిందన్నవు గద."

"అట్లనే అనుకున్న. ఇదే ఆఖరుది కావచ్చు."

"నన్ను రమ్మంటున్నవా?" అన్నాడతను. ఆ ప్రశ్నలో పాత భయం ఉంది, ఆమె దాన్ని విన్నది, ఇన్నేళ్లలో మొదటిసారి దానికి నొచ్చుకోకుండా విన్నది.

"లేదు. రమ్మంటలేను. ఊరికెనే చెప్తున్న."

"నాకెందుకు?"

"ఇంకెవరికి చెప్పాలె, రిచర్డ్?"

అతను ఊపిరి తీసుకోవడం వినిపించింది. మళ్లీ ఎవరో పిలిచారు, వస్తున్న ఆగురా అని అతను అరిచాడు, తర్వాత ఆ గొంతే మళ్లీ మెత్తబడి, "పైలం కెరోలిన్," అన్నాడు, "ఎండల తిరగకు." ఇంకేదో అనబోయాడు, ఆమెకు తెలిసింది, అనలేదు, ఫోన్ పెట్టేశాడు. వస్తానని అనలేదు. రానని కూడా అనలేదు, కానీ అతను రాడని ఆమెకు తెలుసు, అతను రావాలని తాను ఫోన్ చేయలేదని కూడా తెలుసు. కళ్లు తుడుచుకుంది. మల్లక్క తాళంచెవులు పట్టుకుని తలుపు దగ్గర ఉంది, ఏమీ అడగకుండా పక్కకు జరిగి దారి ఇచ్చింది.

చౌరస్తా దగ్గర షేర్ ఆటో నిండిపోయి ఉంది. రా మేడం, జరుగుతరు అన్నాడు డ్రైవర్. కూరగాయల సంచులతో ఉన్న ఇద్దరు ఆడవాళ్లు జరిగారు, మధ్యలో సందు చేశారు, కెరోలిన్ ఆ సందులో ఇరుక్కుని కూర్చుంది. ఆటో కదిలింది. ఎడమ పక్కనున్న ఆమె భుజం కెరోలిన్ భుజానికి ఆనింది, చెమటతో తడిసిన, వెచ్చని, ముక్కూ మొఖం తెలియని ఒక మనిషి భుజం. గుంటలు వచ్చినప్పుడల్లా ఇంకా దగ్గరగా ఒత్తుకుని మళ్లీ సడలుతోంది. కెరోలిన్ జరగలేదు. ఆమె దిగవలసిన మలుపు వచ్చింది, క్వార్టర్ల గేటు కనిపించింది, ఆపు బాబూ అనాలని నోటిదాకా వచ్చింది, ఆ భుజం వెచ్చదనం వదలబుద్ధి కాలేదు. అనలేదు. ఆటో ఆ మలుపు దాటి ముందుకు పోయింది.